మా కుక్క నిరాహార దీక్ష

మా కుక్క పేరు ఇక్కడ రాయను. తాత మీద కోపం వచ్చినప్పుడల్లా నాయనమ్మ ఆయన్ని అదే పేరుతో పిలిచేది. పోయిన మనిషి పరువు ఇప్పుడు తీయడం ఎందుకు. తెల్లటి పొమేరియన్, అప్పటికి తొమ్మిదేళ్ళు. మన్సూరాబాద్‌లో మేం కిరాయికున్న ఇంట్లో మెట్ల కింద గోనెసంచి మీద పడుకునేది. నాయనమ్మ చేత్తో పెడితే తప్ప ఎవరు పెట్టినా ముట్టేది కాదు. ఇంకో విశేషం, దాని నోరు కంపు కొట్టేది. అది ఆవలించిందంటే ఫ్యాన్ కట్టేసేవాళ్ళం, ఇల్లంతా తిరగకుండా.

పై అంతస్తులో ఓనర్ ఆంటీ ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది. తిట్టినా 'అండీ' పెట్టి తిట్టేంత మర్యాదస్తురాలు. ఒకరోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడింది. ఆదివారం వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం, వచ్చే చుట్టాలంతా ఆ మెట్లే ఎక్కాలి.

"ఆదివారంలోగా ఆ వాసన పోవాలండీ మామ్మగారూ. లేదంటే కుక్కనన్నా పంపించేయండి, మీరన్నా ఇల్లు చూసుకోండి."

ఇల్లు మారే ఓపిక నాన్నకు లేదు. కుక్కను పోచంపల్లిలో పెదనాన్న ఇంటికి పంపేద్దామన్నాడు. అక్కడ మగ్గం గుంటలో పడి ఉంటుందిలే అన్నాడు. నాయనమ్మ ఏమీ అనలేదు. ఆ పూట అన్నం కూడా ముట్టలేదు. ఆమె మాట్లాడకుండా ఉండటం నేనెప్పుడూ చూడలేదు కాబట్టి నిజంగానే భయం వేసింది.

మర్నాడు నేనే నాయనమ్మనీ కుక్కనీ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుక్క పెదవి పైకెత్తి చూపించాడు. పళ్ళ చుట్టూ గోధుమరంగు గార, గోడకు పూసినంత మందంగా ఉంది. చిగుళ్ళు వాచాయి, రెండు పళ్ళు కదులుతున్నాయి. బ్రష్‌తో పోయేది కాదని, మత్తిచ్చి మిషన్‌తో తీయాలని చెప్పాడు. పండ్లు తోమనీకి మత్తెందుకని నాయనమ్మ నిలదీసింది. గంటసేపు నోరు తెరిచి కదలకుండా ఉండమంటే మీరైనా ఉండలేరమ్మా అన్నాడాయన. నోరు తెరిచి ఉంచడం వరకు ఆమెకేం కష్టం కాదని నేను చెప్పలేదు.

ముందురోజు రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నాడు. పొద్దున నీళ్ళ గిన్నె కూడా తీసేయమన్నాడు. కడుపులో ఏమున్నా మత్తులో వాంతి అయి ఊపిరితిత్తుల్లోకి పోతుందట, ప్రాణం మీదికి వస్తుందట. శుక్రవారం రమ్మన్నాడు. శనివారం ఆయన ఊరెళ్ళిపోతాడు, వారం దాకా రాడు.

శుక్రవారం తెలంగాణ బంద్. ఆ రోజుల్లో బంద్ లేని వారం వస్తే మాకే ఏదో వెలితిగా ఉండేది. ఫోన్ చేస్తే, తన ఇల్లు క్లినిక్ పైనే కాబట్టి మీరు రాగలిగితే చాలన్నాడు డాక్టరు. స్కూటీ తీశాను. వెనక నాయనమ్మ, ఆమె ఒళ్ళో పాత ఇక్కత్ చీరముక్కలో చుట్టిన కుక్క.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆపేశారు. రోడ్డు పక్కన టెంటు, అందులో మెడనిండా దండలతో రిలే నిరాహార దీక్ష చేస్తున్నవాళ్ళు. కండువా వేసుకున్న పెద్దాయన ఒకాయన దగ్గరికొచ్చి ఎక్కడికన్నాడు. దవాఖానకన్నాను. ఎవరికి బాగలేదని చీరముక్క ఎత్తి చూశాడు, వెంటనే దించేశాడు. సరిగ్గా అప్పుడే ఆవలించింది మరి. విషయం చెప్పాక అడిగాడు.

"కుక్క పండ్లు తోమిపియ్యనీకి బంద్ నాడే దొర్కిందా చెల్లె?"

అందరూ నవ్వారు. ర్యాలీల కోసం కాలేజీ ఎగ్గొట్టినదాన్ని, కాలేజీ ఎగ్గొట్టడం కోసం కూడా ర్యాలీలకు పోయినదాన్ని. నాకు రోషం పొడుచుకొచ్చింది.

"నవ్వకుండ్రి అన్నా. నిన్న రాత్రి సంది ఇది గూడ నిరాహార దీక్షల్నే ఉన్నది. మంచినీళ్ళు గూడ ముడ్తలేదు."

అందులో ఒక్క అబద్ధం లేదు. అదే కొంప ముంచింది. కుక్కను ఎత్తుకుపోయి టెంటులో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. ఫొటోలు తీశారు. దాని పుట్టుకలో అంత మర్యాద ఎరగదు, నాలుక బయటపెట్టుకుని దర్జాగా కూర్చుంది. పక్కనున్న దీక్షాపరులు మాత్రం మెల్లమెల్లగా అటు జరిగారు.

ఇక పోతామని బతిమాలితే పెద్దాయన సరేనన్నాడు. కానీ దీక్షలో కూర్చున్నాక ఊరికే లేవకూడదు, నిమ్మరసం తాగించి విరమింపజేయాలి. పద్ధతి పద్ధతే. చక్కెర వేసి మరీ గ్లాసు తెచ్చారు. కుక్క మొహం తిప్పేసుకుంటే, ఎవరి చేత్తో తాగుతుందో కనుక్కుని గ్లాసు నాయనమ్మ చేతిలో పెట్టారు. వాంతి, ఊపిరితిత్తులు అని నేను అరుస్తూనే ఉన్నాను, నినాదాల్లో ఎవరికి వినపడుతుంది. ఒక్క గుక్క లోపలికి పోతే డాక్టరు మత్తివ్వడు. ఇవాళ కాకపోతే ఆదివారం లోపు ఇంకో రోజు లేదు.

నాయనమ్మ గ్లాసును చూసింది, జనాన్ని చూసింది, గ్లాసు కింద పెట్టేసింది.

"గిది రిలే గాదు బిడ్డా, ఆమరణ దీక్ష. తెలంగాణ ఒచ్చేదాంక ముట్టది."

నినాదాలు రెండింతలయ్యాయి. పెద్దాయన తల గోక్కున్నాడు. ఆమరణ దీక్షకు వేరే పద్ధతి ఉంది, అప్పట్లో అది చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆరోగ్యం క్షీణించిందంటారు, బలవంతంగా దవాఖానకు తరలిస్తారు. నాయనమ్మ కుక్క ముక్కు పట్టి చూసి, సల్లబడ్డదని దిగులుగా అంది. కుక్క ముక్కు ఎప్పుడైనా చల్లగానే ఉంటుందని ఒక్కరికీ తట్టలేదు.

పోలీసులు చేయాల్సిన పని వాళ్ళే చేశారు. ముందు రెండు బైకులు, వెనక రెండు బైకులు, మధ్యలో మా స్కూటీ. దిల్‌సుఖ్‌నగర్ దాకా మమ్మల్ని ఆపినవాడు లేడు. డాక్టరు గేటు తీసి, నినాదాలు విని మళ్ళీ వేసేశాడు. ఆయన్ని ఒప్పించడానికి పది నిమిషాలు పట్టింది.

లోపల మిషన్ శబ్దం గంటకు పైగా వినపడింది. గారంతా రాలింది, కదిలే పళ్ళు రెండూ పీకేశారు. నాయనమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. కుక్క కళ్ళు తెరిచి ఆమె వేలు నాకగానే బావురుమంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు. సాయంత్రం మెత్తగా పిసికి పెరుగన్నం పెట్టింది. ఆమరణ దీక్ష ఆ రోజే ముగిసిందన్న సంగతి చౌరస్తాలో ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం ఓనర్ ఆంటీ వ్రతం చీరలోనే మెట్ల దగ్గర వంగి, కుక్క మూతి వాసన చూసి, ఏమీ లేదండీ అని పైకెళ్ళింది. కుక్క ఇంట్లోనే ఉండిపోయింది.

తర్వాత తెలంగాణ ప్రకటించారు. వీధంతా టపాసులు. మాటంటే మాటేనని నాయనమ్మ నిమ్మరసం కలిపింది. దీక్ష విరమింపజేయడానికి గౌరవంగల మనిషి కావాలని ఓనర్ ఆంటీని కిందికి పిలిపించింది. గుంటూరు మనిషి కదా, వారం రోజులుగా పై తలుపు మూసే ఉంటోంది. ఆంటీ వచ్చి గ్లాసు అందుకుంది గానీ కుక్క వైపు చూడలేదు.

"ఇక మేం ఇల్లు చూసుకోవాలా మామ్మగారూ?"

నాయనమ్మ ఆమె గదుమ పట్టుకుని, నోటి దగ్గర ముక్కు పెట్టి, తాపీగా వాసన చూసింది.

"ఏం వాసనొస్తలేదు. ఉండు బిడ్డా."

ఆంటీ నవ్వబోయి ఏడ్చింది. కుక్క నిమ్మరసం వాసన చూసి మొహం తిప్పుకుంది. ఆ గ్లాసు వాళ్ళిద్దరే చెరిసగం తాగారు.