పెద్దాయన కూర్చునే బంతి

ముందే చెప్పేస్తున్నాను, గోరంత చూస్తే కొండంత చెప్పడం నాకున్న జబ్బు. సగం తీసేసి చదువుకోండి. ఇవాళ పొద్దున అటక మీద నుంచి దింపిన డబ్బా టీవీ ఆన్ చేస్తే, వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమంది. ఆ వాసనలోంచి కొత్తపేట లెక్కల మాస్టారు సూర్యారావు గారు నడిచి వచ్చారు.

రిటైరయ్యాక ఆయన ఎక్కడినుంచో ఒక పాతకాలపు కంప్యూటర్ తెచ్చారు. గోదావరి పడవలో పెడితే పడవ మునిగేంత బరువు. ఇప్పటి ప్రోగ్రాములేవీ దానికి పనికిరావు. అందుకని, సి భాషలో రాసిన ప్రోగ్రాములన్నీ ఆధారపడే లైబ్రరీని ఆ యంత్రానికి సరిపడేలా మూలం నుంచి తానే కంపైల్ చేస్తానని, అంటే దాని భాషలోకి మారుస్తానని, కూర్చున్నారు. టైపు కొట్టడానికి నన్ను పిలిచారు. నాకు బోధపడింది ఒక్కటే, అదొక పెళ్లి. ఒక చుట్టాన్ని పిలిస్తే, ఆయన కదలాలంటే ఇంకో చుట్టం రావాలి. ఎలాగో అందరూ వచ్చి లైబ్రరీ తయారైంది. తీరా దాంతో ఒక బుల్లి ప్రోగ్రాము కూర్చబోతే, ఫలానావారు కనబడలేదని తెర నిండా ఫిర్యాదులు. ఆ ఫలానావారు లైబ్రరీలోనే ఉన్నారు! మా ఇద్దరికీ మతి పోయింది.

ఈలోగా మాస్టారి భార్య, నేను పిన్నిగారనేవాణ్ని, ఆవకాయ జాడీలకి యంత్రం ఉన్న మూల కావాలని రావులపాలెం పాతసామాన్ల బండివాణ్ని రమ్మన్నారు. ఆదివారం బండి వచ్చేలోగా తెర మీద ఒక్క ముక్క పడకపోతే యంత్రం బండెక్కాల్సిందే.

ఆదివారం వచ్చింది, బండీ వచ్చింది. అప్పుడు కనబడింది నాకు పుస్తకంలో ఒక మాట: ప్రోగ్రాము కూర్చమని కొట్టే వరుసలో లైబ్రరీ పేరు చివర రాయాలట. మాస్టారు రోజూ మొదట రాయిస్తున్నారు. చివర ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆయన మాత్రం ససేమిరా అన్నారు.

"అందరికీ ఆధారం ఆయనేనయ్యా. పెద్దాయన్ని వెనక్కి నెడతామా? శుభలేఖలో మీ తాతగారి పేరు అడుగున వేసేరా?"

పిన్నిగారు కాఫీ గ్లాసులతో వచ్చి గుమ్మంలో ఆగారు.

"మన అమ్మాయి పెళ్లిలో తమరు ఏ బంతిలో కూర్చున్నారండీ?"

"ఆఖరి బంతిలో. అడిగేవాళ్లంతా అడగకుండా, పెట్టేవాడు ముందే తిని లేచిపోతే..." మాస్టారు ఆగిపోయారు. "ఆయ్" అని ఒప్పుకున్నారు ఆవిడతో. నాతో, "మార్చవయ్యా" అన్నారు.

మార్చాను. ఆకుపచ్చగా ఒక వరుస అక్షరాలు వెలిగాయి. ఆ వెలుగుకి అవతల ఆలమూరులో కోళ్లు మళ్లీ తెల్లారిందనుకుని కూశాయి. బండి ఖాళీగా వెళ్లింది.

మాస్టారు పోయి కొన్నేళ్లయింది. ఇప్పటికీ ఏ పనైనా చిక్కుపడితే, ముందు బంతిలో ఎవరిని కూర్చోబెట్టానా అని చూసుకుంటాను. సాధారణంగా నేనే ఉంటాను.

పడవా, కోళ్లూ మీరే తీసేసి ఉంటారు. నేను పూర్తిగా కల్పించింది ఆవకాయ జాడీలు. బండివాణ్ని పిలిచింది పిన్నిగారు కాదు. ఇక తన వల్ల కాదని మాస్టారే పిలిచారు. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు, వాణ్ని లోపలికి రానివ్వకుండా.