రాణి బొమ్మలో పక్కటెముకలు

నేను రసాయనశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాణ్ణి. దయ్యాలను ఏనాడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే ముందే చెబుతున్నాను: నా కళ్ళతో చూసింది ఒక ఎక్స్‌రే ఫిల్మ్. అది నా దగ్గరే ఉంది. మేరీగారి ప్రార్థన గురించి మాత్రం విన్నదే.

తొంభైల మధ్యలో, పాత చిత్రాలను బాగుచేసే ఢిల్లీ ప్రయోగశాల ఒకదానిలో పనిచేసేవాణ్ణి. ఒక కోఠీ నుంచి, అంటే ధనికుల పాత బంగళా నుంచి, పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా తైలవర్ణచిత్రం వచ్చింది. భర్తకు బదులుగా తన ప్రాణమిచ్చిన గ్రీకు రాణి అందులో మరణశయ్య మీద ఉంది, నిజమైన మనిషంత పరిమాణంలో. కథ ప్రకారం ఒక వీరుడు ఆమెను మృత్యువు దగ్గరనుంచి వెనక్కి తెస్తాడు. చిత్రకారుడు ఆ భాగం వేయలేదు.

రంగుల అడుగున ఏముందో తెలియాలంటే ఎక్స్‌రే తీయాలి. మాకు యంత్రం లేదు. ధౌలా కువాన్ అవతల ఒక ఆసుపత్రిలో, రద్దీ లేని ఆదివారం మధ్యాహ్నాలు తీయించేవాళ్ళం. అక్కడి టెక్నీషియన్ మేరీగారిది తెనాలి వైపు. ఆమె భర్త ప్రకాశరావుగారు కాలేయం చెడి అదే ఆసుపత్రి పై అంతస్తులో ఉన్నారు. డాక్టర్లు ఆశ వదిలేశారు.

మేరీగారికి రాణి కథ చెప్పాను. "అచ్ఛా! మొగుడేమో పక్కన ఏడుస్తా కూర్చున్నాడా? బానే ఉంది సంబడం!" అని నవ్వారు.

కడిగిన ఫిల్మ్‌ను వెలుగు పెట్టె మీద పెట్టి మళ్ళీ నవ్వారు. "ఏంటి డాక్టరుగారూ, మీ దొరలు బొమ్మకి పక్కటెముకలు కూడా ఏశారా?"

రాణి ఛాతీ గీతల లోపల నిజంగానే పక్కటెముకలున్నాయి. ఎడమ భుజం దగ్గర విరిగి అతుక్కున్న ఎముక. కుడి ఊపిరితిత్తి పైభాగాన రేగుపండంత తెల్లమచ్చ. మేరీగారు నవ్వు ఆపి తన ఎడమ భుజం తడుముకున్నారు. ఎందుకని నేను అడగలేదు.

రోగికి వాడిన ఫిల్మ్‌నే పొరపాటున మళ్ళీ వాడారనుకున్నాను. కానీ ఛాతీకిచ్చే ఎక్స్‌రే మోతాదు పడి ఉంటే శరీరం చుట్టూ ఫిల్మ్ నల్లబడి, చిత్రం గీతలు మాసిపోయేవి. అవి స్పష్టంగా ఉన్నాయి. రిజిస్టరు చూశాను; ఆ వారం తీసిన ఛాతీ ఫిల్ములన్నీ లెక్కకు ఉన్నాయి. మళ్ళీ తీయిస్తే రంగు, కాన్వాసు నేత, చట్రం మేకులు తప్ప ఏమీ రాలేదు.

నెల తిరక్కుండా ప్రకాశరావుగారు కోలుకున్నారు. అలా అరుదుగా జరుగుతుంది. వేసవిలో మేరీగారు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు.

పలకరింపుకు వెళితే ఆయన ఆమె ఛాతీ ఎక్స్‌రే కవరు నా చేతిలో పెట్టారు.

"మీ బొమ్మ ఫిల్ము సంగతి నాతో చెప్పింది సార్. చిన్నప్పుడు తన భుజం ఇరిగింది. నా బదులు తనని తీసుకెళ్ళమని ప్రార్థన చేసిందంట, మా చర్చిలో ఆంటీ ఒకావిడ అంటోంది. మీరు సైన్స్ చదివారు గదా, రెండూ పెట్టి చూడండి. కాదని చెప్పండి, చాలు."

కవరు విప్పకుండానే "కాదు" అన్నాను. పరీక్షించకుండా నేనిచ్చిన ఫలితం అదొక్కటే.

ఫిల్మ్‌లోకి ఎముకలు ఎలా వచ్చాయో నాకిప్పటికీ తెలియదు. అవి ఎవరివో తేల్చడం మాత్రం ఐదు నిమిషాల పని. ఒకదాని మీద ఒకటి పెడితే చాలు. ఆ కవరు ఇంకా విప్పలేదు. ప్రకాశరావుగారు ఇంకా బతికే ఉన్నారు.