ఉపగ్రహానికి కొట్టిన కొబ్బరికాయ

అరచేతిలో కర్పూరం వెలిగించి ప్రమాణం చెయ్యమన్నా చేస్తాను, ఇందులో ప్రతి మాటా నిజం. ఆ రోజుల్లో ఫోనులో పాఠాలు లేవు. పాఠం కావాలంటే పిల్లలు మేస్టారి దగ్గరికి నడవాల్సిందే, జీతం కావాలంటే మేస్టారు యజమాని దగ్గరికి అంతకు పదింతలు నడవాల్సిందే. నేను ఒడిశాలో, ఛత్రపూర్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే తాత్కాలిక లెక్చరర్ని. కాలేజీ యజమాని బరంపురంలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి, వరసకు నాకు బాబాయి. (వరస కలిపింది మా అమ్మ. ఆయన ఔననలేదు, కాదనలేదు.)

ఒకనాడు బాబాయి కాలేజీ మేడ మీద గొడుగు తిరగేసినట్టుండే డిష్షు పెట్టించి, హాల్లో పెద్ద టీవీ దింపించాడు. ఇకమీదట భువనేశ్వర్ ప్రొఫెసర్లు ఉపగ్రహం ద్వారా పాఠాలు చెబుతారట. స్టాఫ్ రూములో రెండు పార్టీలైపోయాం. పెట్టె వస్తే చదువు బాగుపడుతుందని పర్మనెంటు వాళ్ళు, చదువే పోతుందని తాత్కాలికులం. ధైర్యం చేసి నా సంగతేమిటని అడిగితే బాబాయి తాపీగా, "పెట్టె సెప్తాది కదరా, నువ్వేటి సేస్తావు? వచ్చే నెల్నించి రాకు" అన్నాడు.

ప్రారంభోత్సవానికి జిల్లా ఆఫీసు నుంచి ఒక పెద్దాయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మా వర్తకుల ఇళ్ళలో కొత్త కాటా వచ్చినా, లారీ వచ్చినా పూజ చెయ్యకుండా వాడరు. బాబాయి టీవీ అద్దానికి పసుపు రాసి బొట్టు పెట్టాడు. ప్రొఫెసర్ తెర మీదికి వచ్చేసరికి ఆ బొట్టు సరిగ్గా ఆయన ముక్కు మీద పడింది. ఆయన కాస్త జరిగితే చెవికి మారింది. అంతటితో ఆగితే బాగుండేది. టీవీ కింద ఉన్న రిసీవరు పెట్టె అంచుకేసి బాబాయి కొబ్బరికాయ కొట్టాడు. నీళ్ళు లోపలికి దిగాయి. ప్రొఫెసర్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు, మాట పోయింది.

బాబాయి నా రెక్క పుచ్చుకుని టీవీ వెనక ఉన్న పరదా చాటుకి తోశాడు. "నువ్వు సెప్పు. ఇంగిలీసులో సెప్పు. ఎల్లు." గిరాకీ, సరఫరా అందుకున్నాను. ముందు బొమ్మ కదలదు, వెనక నేను ఆగను. ఉపగ్రహం ఎంత స్పష్టంగా పలుకుతోందో అని పెద్దాయన ఒడియాలో పక్కవాళ్ళతో మెచ్చుకున్నాడు. అప్పుడు ఆర్యపల్లి నుంచి వచ్చే చేపలవాళ్ళ అమ్మాయి లేచి, టీవీకే దండం పెట్టి అడిగింది: "సార్, సేపలు నిండా పడిన రోజునే మా అమ్మకి డబ్బులు తక్కువొస్తాయి. ఏటండీ అది?"

నేను ఇంగ్లీషు మరిచిపోయాను. "అందరి వలలూ నిండితే కొనేవోడు ధర దించేస్తాడమ్మా. ఎండబెట్టి దాసుకుంటే, అప్పుడు మీ అమ్మ సెప్పిందే ధర" అన్నాను. నోరు కదలని ప్రొఫెసర్ మా యాసలో జవాబు చెప్పేసరికి హాలంతా చప్పట్లు. నా ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడు నేనే బరంపురంలో ఇంట్లో కూర్చుని తెర మీద పాఠాలు చెబుతున్నాను. ఏటేటా కొత్త పిల్లలకి ముందు ఈ కథే చెబుతాను. మైకులన్నీ మూసి ఉంటాయి, తెరంతా పేర్లు రాసిన నల్లటి గళ్ళే.

సరే, ఒక్క ముక్క కల్పించాను. పూజ నిజం, పరదా నిజం. ఆ అమ్మాయి మాత్రం లేవలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. పెట్టెను బాగుచేయించడం కంటే నేను చవక పడ్డాను గనక నన్ను ఉంచుకున్నారు, అంతే. కానీ ఆ పరదా వెనక గోడకి ఆనుకుని, ఒక్కరైనా ఏదైనా అడుగుతారేమోనని చెవులు రిక్కించుకుని నిలబడ్డ కుర్ర మేస్టారు అబద్ధం కాదు. జవాబు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు, పాపం.