మామయ్యగారి మాటే వినే కారు

టీవీలో అలిగే కారు కామెడీ వస్తే మా అత్తయ్యగారు, "మనింట్లో ఉన్నదేంది మరి?" అంటారు. నరసరావుపేటలో మా పాత కారు మామయ్యగారి మాటే వింటుందని వీధంతా నమ్మకం. ఆయన డాష్‌బోర్డు నిమిరి "లే తల్లీ" అంటేనే స్టార్టవుతుంది.

మా పాప ఎంట్రన్స్ పరీక్ష రోజు ఆయన ఊళ్లో లేరు. పరీక్షేమో సత్తెనపల్లిలో, అక్కడికెళ్లే బస్సు వెళ్లిపోయింది. నేను డ్రైవింగ్ నేర్చుకుని నెలే అయింది. తాళం తిప్పితే కారు దగ్గి ఆగిపోయింది.

"బతిమాలమ్మాయ్, కదులుద్ది!" అంది ఎదురింటి పిన్ని.

సిగ్గు చంపుకుని, అందరి ముందూ "లే తల్లీ" అని నిమిరాను. వీధి వీధంతా నవ్వింది. పాప ఏడుపు మొదలుపెట్టింది.

ఈరోజు దీని సంగతో నా సంగతో తేలాల్సిందే అనుకున్నాను. మామయ్యగారు నిమిరేటప్పుడు రెండో చెయ్యి ఎక్కడుండేది? స్టీరింగ్ కింద వెతికితే, చల్లబడ్డ ఇంజన్‌ని లేపడానికి పాత కార్లలో లాగే చోక్ పిడి తగిలింది. అది లాగి తాళం తిప్పగానే బండి లేచింది. గేటు మూసేలోపు పాపను పరీక్షకు చేర్చాను.

మర్నాడు ఆయన అనుమానంగా, "నీకెట్టా లేచిందమ్మా?" అన్నారు.

"మీ పేరు చెప్పాను మామయ్యా."

తెలిసిన ప్రతి గుట్టూ విప్పాలని ఎక్కడుంది? ఇప్పటికీ ఆయన డాష్‌బోర్డు నిమురుతుంటే నేను పక్క సీట్లో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తుంటాను.