వంటింటి అల్మారాలో మబ్బు

తన వస్తువు ఏదీ ఇంకొకరి ఇంట్లో ఒక్క పూట కూడా ఉండకూడదు. ఉస్తాద్ షౌకత్ అద్రాకు ఈ లోకంలో ఉన్న పట్టుదలల్లా ఇదొక్కటే. పెళ్ళికి వెళ్తే గుమ్మం దగ్గర కోటు విప్పి ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. ఆగస్టు నెలలో కూడా చెమటలు కక్కుతూ తొడుక్కునే భోంచేసేవాడు. పై అంతస్తులో ఉండే దర్జీ నుహాద్‌కు ప్యాంటు కురచ చేయమని ఇస్తే, ఆమె కుట్టేంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని దానిమీంచి చూపు తిప్పేవాడు కాదు.

"మీరు ఇంటికెళ్ళండి ఉస్తాద్, సాయంత్రం పంపిస్తాగా!"

"మనది మనింట్లోనే ఉండాలమ్మా" అనేవాడు ఆయన, కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకుని.

దీనికి మూలం ఆయన బావమరిది బద్రీ. ఒకసారి ఇంటికి సున్నం వేయిస్తూ ఉస్తాద్ తన పాచికల బల్లను నాలుగు రోజులు బద్రీ ఇంట్లో దాచాడు. తిరిగొచ్చేసరికి తెల్ల బిళ్ళ ఒకటి లేదు. దాని స్థానంలో బద్రీ ఒక సోడా మూత పెట్టాడు. "ఆట ఆగదుగా బావా!" అని నవ్వాడు కూడా. ఆ నవ్వే కొంప ముంచింది. పందొమ్మిదేళ్ళు ఉస్తాద్ ఆ బల్ల మీద సోడా మూతతోనే ఆడాడు, ఆడిన ప్రతిసారీ బద్రీని తిట్టాడు.

ఇదంతా మీనా అనే రేవు పట్నంలో, చేపల రేవు వెనక ఆ ఐదంతస్తుల భవనంలో, ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు రాకముందు మాట. సర్కారు కరెంటు ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. వీధి జనరేటరు నుంచి భవనం మొత్తానికీ ఒకే తీగ, పదిహేను ఆంపియర్లు. ఐదిళ్ళూ దాన్నే పంచుకోవాలి. ఎవరైనా ఇస్త్రీ పెట్టె పెట్టిన సమయంలో ఇంకొకరు వేడినీళ్ళ మీట నొక్కారో, మెట్ల కింద ఫ్యూజు టప్పుమనేది, ఐదు గుమ్మాల్లోంచి ఐదు రకాల తిట్లు వినబడేవి. ఇప్పుడు తలుచుకుంటే నుహాద్‌కు ఆ తిట్లే ముద్దొస్తాయి.

ఉస్తాద్ టెలిఫోన్ ఎక్స్చేంజిలో ముప్పై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాడు. తాను బాగుచేసిన ప్రతి స్తంభాన్నీ, ప్రతి పెట్టెనూ ఫోటో తీసుకున్నాడు. నాలుగు వేల పైచిలుకు. భవనంలో అవి చూడకుండా తప్పించుకున్నవాళ్ళు లేరు. కాఫీకి పిలిచాడంటే పన్నెండు స్తంభాలు ఖాయం.

ఒకరోజు అలా చూస్తూ చూస్తూ నుహాద్ నోరు జారింది. "ఇవన్నీ మీ ఫోన్లోనే కాదు ఉస్తాద్, క్లౌడ్‌లో కూడా ఉంటాయి."

"అదెవరిల్లు?"

"ఇల్లు కాదండీ, మబ్బు. ఊరికే అలా అంటారు."

"మబ్బు సరే. దాని కింద ఇల్లెవరిది?"

"ఏదో కంపెనీది. సముద్రం అవతల."

ఉస్తాద్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. "అంటే నా స్తంభాలు మూడేళ్ళుగా ముక్కూమొహం తెలియనివాళ్ళ ఇంట్లో పడుకుంటున్నాయా!"

ఆ వారంలోనే పాత కంప్యూటరు ఒకటి, రెండు హార్డ్ డిస్కులు, ఒక కారు బ్యాటరీ ఇంట్లోకి వచ్చాయి. ఇల్లంతా తిరిగి, గోడల మీద చెయ్యిపెట్టి చూసి, చివరకు వంటింట్లో జల్లెడ తలుపుల అల్మారా ముందు ఆగాడు. చీమలు పట్టకుండా, గాలి ఆడేలా తిండి దాచుకునే అల్మారా అది. లోపల చలవరాతి అరలు, చల్లగా ఉంటాయి. ఫోటోలు దాచుకునే సర్వరుకు ఇంతకన్నా మంచి గది ఈ దేశంలో లేదని తేల్చాడు.

"నా వంకాయ ఊరగాయ ఎక్కడ పెట్టుకోను?" అంది ఆయన భార్య ఇన్సాఫ్.

"పక్కనే పెట్టుకో. అది దాన్ని తినదు, ఇది దీన్ని తినదు."

అలా ఆలివ్ కాయల జాడీకీ వంకాయ సీసాకీ మధ్య మబ్బు వెలిసింది. చిన్న పచ్చదీపం రాత్రింబవళ్ళూ మినుకు మినుకుమనేది. "పెళ్ళైన ముప్పై ఏళ్ళలో నన్నెప్పుడైనా లేచి చూశాడా? దాన్ని రోజుకి ఆరుసార్లు చూస్తాడే!" అని ఇన్సాఫ్ మెట్ల మీద కనబడ్డ వాళ్ళందరికీ చెప్పుకునేది.

అసలు బాధ ఆ తర్వాత మొదలైంది. కరెంటు టప్పున పోతే డిస్కులు పాడవుతాయట. బ్యాటరీ కాసేపే ఆదుకుంటుంది. అందుకని పదిహేను ఆంపియర్లకు ఉస్తాద్ కాపలాదారయ్యాడు. వంటింటి నీళ్ళ గొట్టం కింద నుంచి పైదాకా ఐదిళ్ళలోంచీ వెళ్తుంది. దానిమీద చెంచాతో మూడు దెబ్బలు కొట్టేవాడు: టంగ్, టంగ్, టంగ్. అంటే "ఎవరో ఒకరు ఏదో ఒకటి ఆపండి" అని. నుహాద్ ఇస్త్రీ మధ్యలో పెట్టె ఎత్తేసేది. ఐదో అంతస్తు ఆవిడ సగం ఆరిన జుట్టుతో పెళ్ళికి వెళ్ళిన రోజులున్నాయి. అందరికన్నా ముదిరిన విరోధి మాత్రం ఇంట్లోనే ఉంది. ఇన్సాఫ్ కిబ్బే ఉండల కోసం మాంసం రుబ్బే యంత్రం పెట్టాల్సి వచ్చినప్పుడల్లా మబ్బు తీగ పీకి, ఆ కన్నంలో తన తీగ దూర్చేది.

"మబ్బు ఆరిపోయిందే!"

"కిబ్బే తయారవుతోంది. ఏది కావాలి?"

ఉస్తాద్ కాసేపు ఆలోచించేవాడు. కిబ్బే కూడా మామూలుగా చేసేది కాదు ఇన్సాఫ్.

ఒకసారి నుహాద్ ఫోను మొరాయించింది. పెళ్ళిబట్టల హడావిడిలో నోటినిండా గుండుసూదులు పట్టుకుని ఉంది, ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఏదో నొక్కి, "దీనికొక కాపీ ఇంట్లో ఉంచనా? తాళం నీ దగ్గరే ఉంటుంది" అన్నాడు. ఆమె "ఊఁ" అంది. సూదులతో అంతకన్నా అనలేదు. "పాస్‌వర్డ్ కొట్టు" అని ఆయన లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా అంతే, మొహం గోడకు తిప్పేవాడు. నుహాద్ ఏదో కొట్టింది, ఆ సంగతే మరిచిపోయింది.

నాలుగేళ్ళు గడిచాయి. పండగ ఇంకా మూడు రోజులుందనగా నుహాద్ చేతిలో ఇరవై రెండు గౌన్లు ఉన్నాయి. కొలతలు, నమూనాలు, ఏ లేసు ఎవరికన్నది, అన్నీ ఫోన్లోనే. కింద లేసుల కొట్టతనికి ఒక గుండీ ఫోటో చూపించాలి. మూడంతస్తులు ఎవరు దిగుతారు? కూరగాయలు పైకి లాగినట్టే, బుట్టలో ఫోను పెట్టి బాల్కనీలోంచి తాడుతో దించసాగింది. సరిగ్గా అప్పుడే, టంగ్, టంగ్, టంగ్.

నాలుగేళ్ళ అలవాటు. చెయ్యి దానంతటదే ఇస్త్రీ పెట్టె మీట వైపు వెళ్ళింది. తాడు జారింది. బుట్ట వెళ్ళి కింద శనగల బండి మీద, సలసలా కాగుతున్న గంగాళంలో పడింది.

శనగలవాడు గరిటెతో ఫోను తీసి, జీలకర్ర దులిపి పైకి చూపించాడు. "ఉడికిపోయిందమ్మా!"

నుహాద్ రెండో అంతస్తు తలుపు విరిగేలా కొట్టింది. "చాలా ఉస్తాద్? మీ స్తంభాల కోసం నా అన్నం గంగాళంలో పడింది! ఇరవై రెండు మంది కొలతలు! సగం మంది అక్కార్ కొండల్లో ఉన్నారు, పండగ రోజు దాకా దిగిరారు. ఈ పండగకి బట్టలివ్వకపోతే వచ్చే పండగకి నా గుమ్మం ఎవరు తొక్కుతారు? మీది మీ ఇంట్లో భద్రంగా ఉంటే చాలు, మిగతావాళ్ళం ఏమైపోయినా సరే!"

ఉస్తాద్ గిరుక్కున వెనక్కి తిరిగాడు. వంటింట్లోకి నడిచాడు. "ఇన్సాఫ్, యంత్రం ఆపు."

"సగం మాంసం రుబ్బానయ్యా!"

"ఆపు."

ఆ గొంతు ఎప్పుడూ వినలేదేమో, ఇన్సాఫ్ ఆపేసింది. మబ్బుకు తీగ తగిలించి, ఊరగాయ సీసాలు పక్కకు జరిపి, తెర తిప్పి, నుహాద్‌ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. "అదుగో, మూడో అంతస్తు అని ఉందే, అది నీది. నీ ఫోను ఇల్లు చేరినప్పుడల్లా కాపీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది. పాస్‌వర్డ్ కొట్టు." ఆయన గోడవైపు తిరిగాడు.

అప్పుడు గుర్తొచ్చింది నుహాద్‌కు. పెళ్ళినాటి తన నడుము కొలత, పక్కనే ఇప్పటి కొలత. ఇంకెవరికీ తెలియని అంకెలవి. కొట్టింది. తప్పు అంది తెర. మళ్ళీ కొట్టింది. తప్పు. మూడోది కూడా తప్పయితే పొద్దుటిదాకా తలుపు తీయదట. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

"దేని కొలత పెట్టావే?" అని ఇన్సాఫ్ చెవిలో అడిగింది. నుహాద్ చెప్పింది. ఇన్సాఫ్ ఆమెను కిందికీ పైకీ చూసింది. "పిచ్చిదానా, నాలుగేళ్ళ కిందట ఇంత ఉన్నావా నువ్వు? ఆరు తగ్గించు."

"ఆరెందుకు పిన్నీ!"

"నా కిబ్బే ఎవరు తిన్నారు మరి?"

ఆరు తగ్గించింది. తలుపు తెరుచుకుంది. ఇరవై రెండు గౌన్లు, ఇరవై రెండు నడుములు, గుండీతో సహా. నుహాద్ ఆ తెరకే ముద్దు పెట్టింది.

అప్పుడు చూసింది మిగతా పేర్లు. ఒకటో అంతస్తు, నాలుగో అంతస్తు, ఐదో అంతస్తు. కింద శనగలవాడి పేరు కూడా ఉంది. వరసగా, అన్నిటికీ తాళాలు.

"ఉస్తాద్, మరి మీవేవీ? స్తంభాలు?"

గోడకు తిరిగిన మనిషి ఇటు తిరగలేదు. గట్టిగా దగ్గాడు.

"అవిందులో లేవు" అంది ఇన్సాఫ్. "మీ అందరివీ పెట్టేసరికి చోటు చాల్లేదు. డిస్కులో వేసి బద్రీ ఇంట్లో పెట్టాడు."

"బద్రీ ఇంట్లోనా!"

"తాత్కాలికంగా" అన్నాడు ఉస్తాద్ గోడతో.

"మూడేళ్ళైంది" అంది ఇన్సాఫ్. "రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, ఉన్నాయా అని అడుగుతాడు. 'ఒక స్తంభం తగ్గింది బావా, సోడా మూత పెట్టాను' అంటాడు మా తమ్ముడు. రోజూ అదే మాట. రోజూ ఈయన నిజమేననుకుని చొక్కా తొడుక్కుని బయల్దేరతాడు."

నుహాద్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తలుపు దగ్గర తాను అన్న మాటలు గుర్తొచ్చి సిగ్గేసింది. "తప్పైపోయింది ఉస్తాద్. ఇంకెప్పుడైనా అలా అంటే నా నాలుక కత్తిరించండి" అంది.

"నీ దగ్గరున్న కత్తెరతోనేగా? అది నీ ఇంట్లో ఉంది" అన్నాడు ఆయన. "వెళ్ళి కుట్టుకో. ఇస్త్రీ మాత్రం సాయంత్రం దాకా పెట్టకు."

గౌన్లు పండగ ముందురోజుకి అందాయి. కిబ్బే మాత్రం ఆ పూటకి సగమే అయింది, దాన్నే ఐదిళ్ళకూ పంచారు.

ఇప్పుడు ఆ కప్పు మీద సోలార్ పలకలున్నాయి. ఇస్త్రీ పెట్టెలు, జుట్టారబెట్టేవి, మాంసం యంత్రాలు అన్నీ ఒక్కసారే తిరుగుతాయి, ఎవరూ ఎవరినీ అడగరు, తిట్టరు కూడా. ఉస్తాద్‌కు ఎనభై దాటింది. అయినా రోజుకొకసారి, భోజనాల వేళకి, గొట్టం మీద చెంచా మోగుతుంది: టంగ్, టంగ్, టంగ్. ఏదీ ఆపాల్సిన పనిలేదని ఆయనకూ తెలుసు, నుహాద్‌కూ తెలుసు. ఆమె ఇస్త్రీ పెట్టె ఎత్తి పక్కన పెట్టి, కత్తెర పిడితో గొట్టం మీద తిరిగి మూడు దెబ్బలు కొట్టి, అప్పుడు మళ్ళీ పనిలో పడుతుంది.