నెత్తురు జూడని ట్రాలా

మా లారీలోళ్లకు ఒక పిచ్చి ఉన్నది. పాత బండి కొననీకి పోతే టైర్లు జూడరు, ఇనుము జూడరు. ముందుగాల ఒకటే అడుగుతరు: "నెత్తురు జూసిందా?" అంటే, దాని కింద ఎవలన్న సచ్చిండ్రా అని. సచ్చిండ్రంటే బంగారమసొంటి బండైనా ముట్టరు. ఒకపారి నెత్తురు మరిగిన బండి మళ్ల అడుగుతదట!

మా ఆయన గుడ గసొంటోడే. మేముండేది లక్సెట్టిపేట. ఏండ్లకేండ్లు ఒకల బండ్ల మీద బొగ్గు తోలి తోలి, ఆఖరుకు ఒక పాత ఇంజిను బండి సొంతంగ కొన్నడు. దాని ఎనక తగిలిచ్చే ట్రాలా గుడ కావాలె. పత్తి బేళ్లు ఎక్కిచ్చుకపోయే పొడుగు బల్ల అనుకోండ్రి. ఇంజిను ఇప్పి పక్కకు తీస్తే, ట్రాలా ముందటి భాగం రెండు ఇనుప కాళ్ల మీద నిలవడతది.

కాగజ్‌నగర్ల ఒకటి అమ్మకానికున్నదంటే ఇద్దరం పోయినం. అమ్మేది ఒక ఆడామె. మొగడు పోయిండన్నది. ఎట్ల పోయిండని మేం అడగలే, షుగరో గుండెనో అనుకున్నం. మా ఆయన చేతులు ఎనకకు కట్టుకొని ట్రాలా సుట్టు ఒక్క తిరుగుడు తిరిగిండు. ఇగ అడిగిండు: "అక్కా, నెత్తురు జూసిందా?"

ఆమె కొంగు సదురుకున్నది. "లే, తమ్మీ."

"ఒట్టు?"

"నా బిడ్డ మీద ఒట్టు."

మా ఆయన మొఖం కలకలలాడింది. గా ఒట్టు మీదనే బేరం అయిపోయింది. కాళ్లు దించి, ఎత్తి ఒకపారి సూద్దామన్న సోయి ఇద్దరికీ లేకపాయె.

ఎండకాలమంత మంచిగనే నడిచింది. వానలు మొదలైనంక ఒకనాడు పొద్దుగాల ఇంటి ముందటనే ఇంజిను దగ్గరికి తెచ్చి, బ్రేకుల గాలి పైపులు కలుపనీకి కిందికి వంగిండు. ట్రాలా ఎడమ ఇనుప కాలు జర్రున జారింది. ట్రాలా ఒక పక్కకు ఒరిగి ఆయన నడుము మీద పడ్డది. "అవ్వా!" అని ఒక్కటే కేక. పానమైతే దక్కింది గని నడుము కింద ఏం పనిచేస్తలేదు. నలభై నిండని మనిషిని పసిపిల్లగాని లెక్క నేను తుడుస్తున్న.

దవాఖానకు సూడనీకి వచ్చిన కాగజ్‌నగర్ డ్రైవర్ ఒకాయన నోరు జారిండు. "దాని ఓనరు గుడ దాని కిందనే పోయిండు వదినే. గదే ఎడమ కాలు."

బస్సెక్కి గా అమ్మినామె ఇంటికి పోయిన. "నీ నోట్లె మన్నువడ! బిడ్డ మీద ఒట్టు పెట్టి మమ్ముల ముంచితివి గదనే!" అని వాకిట్లనే దుమ్మెత్తి పోసిన. ఇరుగుపొరుగోళ్లు జమైండ్రు. నేను అలిసిపోయినంక ఆమె మెల్లగ అన్నది:

"నీ మొగని కంటె ముందొచ్చినోళ్లకు ఉన్నదున్నట్టు చెప్పిన. మంచినీళ్లు గుడ తాగకుంట పోయిండ్రు. కాలు జారుతదని చెప్తే, నీకెట్ల ఎరుక అని అడగరా చెల్లె? గప్పుడు ఏమని చెప్పాలె?"

కొడుదామని పోయినదాన్ని, నా చెయ్యి లేవలే. మాఫ్ చేసిననా అంటే, చెయ్యలే. ఇయ్యాల్టికి గుడ చెయ్యలే.

గిప్పుడు ట్రాలా మా వాకిట్ల ఉన్నది. మందులకు, తిండికి దాన్ని అమ్ముడు తప్ప నాకు ఇంకో తొవ్వ లేదు. మొన్న భైంసా నుంచి ఒకాయన వచ్చిండు. సుట్టు తిరిగిండు. కాళ్ల దిక్కు కన్నెత్తి గుడ సూడకుండ, "అక్కా, ఇది నెత్తురు జూసిందా?" అన్నడు. లే అంటే బేరం అయితదని నాకెరుకే. గా మాట నాలిక చివరిదాకా వచ్చింది.

"జూసింది," అన్న. "ఎడమ కాలు జారుతది. ఎట్ల జారుతదో లోపల మా ఆయన పండుకున్నడు, పోయి అడుగు."

గా భైంసా ఆయన గడప కాడికి గుడ రాలే. మోటర్‌సైకిల్ ఎక్కి, మళ్ల ఫోన్ చేస్త అనుకుంట పోయిండు.

మంచం మీదికెల్లి మా ఆయన అంత ఇన్నట్టున్నడు. గట్టిగ ఒర్లిండు: "లే అంటే అయిపోతుండె గదనే, తిక్కదానా!"