ఆల్బీకి అందని మాట

ఆల్బీ రట్టర్ గనిలో పని మానేశాక కూడా, పేపర్లో పదాల గడి నింపనిదే టీ ముట్టేవాడు కాదు. కడుపుమంటకు మన ఇంగ్లీషులో ఉన్నన్ని మాటలు ప్రేమకు లేవనేవాడు.

"గ్రడ్జ్ అంటే లోపల దాచుకునేది. స్పైట్ అంటే చేసి చూపించేది. మాలిస్‌కి కారణమే అక్కర్లేదు," అని క్లబ్బులో వివరించేవాడు. ఎవరి మొహం ముడుచుకున్నా దానికో పేరు పెట్టేవాడు. క్లబ్బు వంట చూసుకునే నాకు ఒళ్లు మండేది.

ఏటా ఊళ్లో ఎవరి ఉల్లికాడలు లావో తేల్చే పోటీకి ముందురోజు అతని కాడలను ఎవరో కత్తితో చీల్చేశారు. మోచేయంత లావు కాడలు, పసిపిల్లల్లా సాకినవి. పక్క మడి కత్‌బర్ట్‌ది. దాదాపు ఏటా మొదటి బహుమతి ఆల్బీది, రెండోది అతనిది. ఇంకేం కావాలి?

"స్పైట్! అచ్చమైన స్పైట్!" అని ఊరంతా చాటాడు ఆల్బీ.

పోటీనాడు కత్‌బర్ట్ బల్ల ఖాళీ. గెలుపు చేతికందే వేళ తన కాడలన్నీ తనే తరిగి, బకెట్లో క్లబ్బు వంటగదికి తెచ్చాడు. పోటీ ముగిశాక ఆ కాడలతో ఊరికి సూపు కాచేది నేనే. పోటీకి ముందే తెచ్చినవాణ్ణి మాత్రం ఎన్నడూ చూడలేదు.

ఆల్బీ వెనకాలే వచ్చాడు. "నావి కోసింది చాలక నీవీ కోసుకున్నావా? మతిపోయిందేంట్రా?"

"నీవి నేను కొయ్యలేదు."

"మరి ఇవెందుకు కోశావ్?"

కత్‌బర్ట్ తలెత్తలేదు. "నీ కాడలు పోయాయని మా ఆవిడ చెప్పగానే నాకు నవ్వొచ్చిందిరా. సంతోషమేసింది. ఆ మొహంతో బహుమతెలా తీసుకోను?"

ఆల్బీ తిట్టాలో, జాలిపడాలో తెలియక నా పీట మీద కూలబడ్డాడు.

"దీన్నేమంటారు, పండితుడా?" అన్నాను, ఊరుకోలేక.

"తెలీదు."

నేను కడిగిచ్చిన కాడలు తీసుకుని కుండలో వేశాడు. తర్వాత మెల్లగా, "పోయినేడు వీడి కాడలకు తెగులొచ్చిందని విన్నరోజు, నేను ఇంటికి పాడుకుంటూ వెళ్లాను," అన్నాడు.

కోసిందెవరో ఇప్పటికీ తేలలేదు. ఆల్బీ మళ్లీ అడగలేదు. సూపు ఉడికాక మొదటి గిన్నె కత్‌బర్ట్ ముందుకు తోసి, "తినరా, చల్లారిపోతుంది," అన్నాడు.